ఎముకల వార్డులో నేల నుంచి మంచం మీదికి: ఒక కేస్ స్టడీ

తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎముకల వార్డులో, ఆపరేషన్ అయిన రోగులకు ఒకరి తర్వాత ఒకరికి ఇన్ఫెక్షన్లు కనిపించాయి. నేల తుడిచే పద్ధతి సరిగా ఉందా లేదా అన్న అనుమానంతో మొదలైన విచారణ, నేల మీద ఏయే వస్తువులు ఉంటున్నాయి, అవి ఎవరి చేతుల మీదుగా మంచం మీదికి చేరుతున్నాయి అన్న ప్రశ్న వైపు ఎలా మళ్లిందో, దాని ఫలితంగా వార్డులో ఏమేమి మార్చామో ఇక్కడ వివరిస్తున్నాను. ఆ ఆసుపత్రిలో మైక్రోబయాలజిస్టుగా ఉంటూ ఇన్ఫెక్షన్ కంట్రోల్ బాధ్యత కూడా చూసేదాన్ని. రోగులను, సిబ్బందిని గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలను ఉద్దేశపూర్వకంగానే వదిలేశాను.

వార్డు, అక్కడి మనుషులు

వార్డులో మంచాలు రెండు వరుసలుగా ఉంటాయి. మధ్యలో నడవ, ఒక చివర నర్సింగ్ స్టేషన్, రెండో చివర మరుగుదొడ్లు. చంద్రగిరి, పాకాల, శ్రీకాళహస్తి వైపుల నుంచి వచ్చే తుంటి ఎముక విరిగిన వృద్ధులు, రేణిగుంట రోడ్డు మీద బైకు ప్రమాదాలకు గురైన యువకులు, కొండకు కాలినడకన వెళ్తూ మెట్ల మీద జారిపడిన యాత్రికులు ఇక్కడి రోగుల్లో ఎక్కువ మంది. వీరిలో యాత్రికుల పరిస్థితి వేరే ఊళ్ల ఆసుపత్రుల్లో అంతగా కనిపించదు. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లను చాలామంది చెప్పులు లేకుండానే ఎక్కుతారు. ఎవరికైనా కాలు విరిగితే కుటుంబమంతా సత్రంలో గది ఖాళీ చేసి సామానుతో సహా వార్డుకే వస్తుంది. రైల్వే ప్లాట్‌ఫారం మీద, బస్సు డిక్కీలో, సత్రం వరండాలో పెట్టి తెచ్చిన సంచులన్నీ రోగి మంచం కిందికి చేరతాయి. స్థానికుల సామాను ఇంతకంటే తక్కువేమీ కాదు. క్యారియర్, ఫ్లాస్కు, చాప, దుప్పటి, మార్చుకునే బట్టలు, స్కానింగ్ ఫిల్ముల కవరు, వీటన్నిటికీ మంచం పక్కనున్న లాకరు ఏ మూలకూ చాలదు.

మా దృష్టికి వచ్చిన ఇన్ఫెక్షన్లు రెండు రకాలు. యూరిన్ పైపు ఉన్న రోగుల మూత్రంలో క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా పెరిగింది. కొందరి ఆపరేషన్ గాయాల్లో మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫిలోకాకస్ ఆరియస్ బాక్టీరియా, అంటే వార్డుల్లో అందరూ ఎంఆర్‌ఎస్‌ఏ అని పిలిచేది, కనిపించింది. రోగులు ఎక్కువగా ఒకే వరుసలో, పక్కపక్క మంచాల్లో ఉన్నవారే. ఏ మందుకు లొంగుతుంది, ఏ మందుకు లొంగదు అన్న పట్టికలు కూడా ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. జన్యు పరీక్షలు చేయించే వసతి మాకు లేదు కాబట్టి ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని నిరూపించామని చెప్పను. కానీ వార్డులో పనిచేసేవారికి ఈ ఆనవాలు చాలు, వెతకడం మొదలుపెట్టడానికి.

మొదటి స్పందన

ఇన్ఫెక్షన్ అనగానే యాజమాన్యం చేసిన మొదటి పని క్రిమిసంహారక మందు మోతాదు రెట్టింపు చేయించడం, తుడిచే వేళలు పెంచడం. వార్డంతా ఘాటైన వాసన కొట్టింది. ఆస్తమా ఉన్న ఒకరిద్దరు రోగులు దగ్గుతో ఇబ్బంది పడ్డారు. బంధువులు మాత్రం చాలా సంతోషించారు. ఫినాయిలు వాసన వస్తే శుభ్రంగా ఉన్నట్టు, రాకపోతే లేనట్టు లెక్కగట్టడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. వాసనకూ సూక్ష్మక్రిముల సంఖ్యకూ సంబంధం లేదని డాక్టర్లకు కూడా మళ్లీ మళ్లీ గుర్తుచేయవలసి వస్తోంది.

ఉదయం తుడిచిన వెంటనే ఒకసారి, సందర్శకుల వేళ ముగిశాక ఒకసారి నేల నుంచి దూదిపుల్లతో నమూనా (స్వాబ్) తీసి, క్రిములను ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్ష పెట్టించాను. తుడవగానే తగ్గిన క్రిములు సాయంత్రానికి మళ్లీ ముందున్న స్థాయికే చేరుతున్నాయి. మందు మోతాదు పెంచినా ఈ తీరు మారలేదు. ఇది ఆశ్చర్యపడవలసిన విషయం కాదు. జనం తిరిగే వార్డులో నేలను క్రిమిసంహారకంతో తుడిచినా కొద్ది గంటల్లోనే క్రిములు మునుపటి స్థాయికి వస్తాయని 1960లలోనే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆయ్‌లిఫ్, ఆయన సహచరులు చూపించారు. గాలిలోని దుమ్ము, పాదాలు, చక్రాలు, రోగి చర్మం నుంచి రాలే పొట్టు, దులిపిన దుప్పట్లు నేలను అదే పనిగా మలినం చేస్తూనే ఉంటాయి. స్టెఫిలోకాకస్ ఆరియస్ పొడి ఉపరితలం మీద 7 రోజుల నుంచి 7 నెలల దాకా, అసినెటోబాక్టర్ అనే మరో ఆసుపత్రి క్రిమి 3 రోజుల నుంచి 5 నెలల దాకా బతికి ఉండగలవని 2006లో వెలువడిన ఒక సమీక్ష చెబుతుంది. ఇంత కాలం నిలిచే క్రిములున్న చోట రోజుకు రెండుసార్లకు బదులు నాలుగుసార్లు తుడిచినా నేల ఎప్పటికీ క్రిమిరహితం కాదు.

ఇదే కారణంగా చాలా ఏళ్లు ఇన్ఫెక్షన్ కంట్రోల్ పుస్తకాలు నేలను పెద్దగా పట్టించుకోలేదు. రోగి చేయి నేలను తాకదు కదా, కాబట్టి మంచం కమ్మీలు, లాకరు, తలుపు గొళ్లెం వంటి చేతులు తగిలే చోట్ల మీద దృష్టి పెట్టాలన్నది ఆ వాదన. వాదనలో తర్కం ఉంది. అయితే రోగి చేయి నేలను తాకదన్న ఆధారమే సరైనదేనా అన్నది అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు గత దశాబ్దంలో పరీక్షించారు. మనుషులకు హాని చేయని ఒక వైరస్‌ను రోగి గది నేల మీద పూసి చూస్తే, అది త్వరలోనే రోగుల పాదరక్షల మీదికి, చేతుల మీదికి, గది లోపలా బయటా చేతులు తగిలే చోట్లకు చేరిందని 2016లో ప్రచురించారు. మరుసటి ఏడాది అదే బృందం 5 ఆసుపత్రుల్లో 159 గదుల నేలలను పరిశీలించింది. రోగులున్న 100 గదులను చూస్తే వాటిలో 41 గదుల్లో చేతులతో తరచూ పట్టుకునే వస్తువు ఏదో ఒకటి నేలను తాకుతూ కనిపించింది. కరోనా తొలి నెలల్లో చైనాలోని వుహాన్‌లో హువోషెన్‌షాన్ ఆసుపత్రి ఐసీయూ నేల నుంచి తీసిన 10 నమూనాల్లో 7 నమూనాల్లో వైరస్ జన్యుపదార్థం (ఆర్‌ఎన్‌ఏ) దొరికింది. ఐసీయూ సిబ్బంది బూట్ల అడుగున తీసిన నమూనాల్లో సగం పాజిటివ్. రోగులు అడుగుపెట్టని ఫార్మసీ నేల మీద కూడా అది కనిపించింది.

క్లీవ్‌లాండ్‌లో 41 గదులైతే, బంధువులు నేల మీదే తిని, నేల మీదే పడుకునే మన వార్డుల్లో పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కానీ ఊహ ఆధారంగా యాజమాన్యాన్ని ఒప్పించలేం.

మెరిసే లోషన్‌తో చేసిన పరీక్ష

చేతులు కడుక్కోవడం నేర్పే శిక్షణలో వాడే, మామూలు వెలుతురులో కనబడని, అతినీలలోహిత టార్చి వేస్తే మాత్రమే మెరిసే లోషన్ మా దగ్గర ఉంది. రోగులు, బంధువుల అనుమతి తీసుకుని, కొన్ని మంచాల దగ్గర సాయంత్రం వేళ నేల మీద మూడు చోట్ల దాన్ని పలుచగా పూశాం. ఒకటి లాకరు ముందు, ఒకటి చాప పరిచే చోట, ఒకటి యూరిన్ బ్యాగు వేలాడే చోట. నేల మీద ఏదో పూశామని వారికి తెలుసు గానీ, మేము వెతకబోయేది ఎక్కడో చెప్పలేదు. మరుసటి రోజు ఉదయం డాక్టర్ల రౌండ్స్ అయ్యాక, కిటికీ తెరలు వేసి, లైట్లు ఆపి, టార్చితో వెతికాం.

తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ మంచం దగ్గర కనిపించింది చెబితే మిగతావి వేరుగా చెప్పనక్కరలేదు. ఆమె కోడలు రాత్రి చాప మీద పడుకుంది. చాప అడుగు భాగమంతా మెరిసింది, అది ఊహించినదే. ఊహించనిది ఏమిటంటే, రోగి దుప్పటి మీద పాదాల వైపు అడ్డంగా ఒక వెడల్పాటి చార మెరుస్తూ కనిపించింది. విషయం వెంటనే అర్థమైంది. రౌండ్స్‌కు ముందు సెక్యూరిటీ వచ్చి చాపలు తీయమంటాడు. నేల మీద ఏమీ కనిపించకూడదన్నది ఆసుపత్రి నియమం. చుట్టిన చాపను పెట్టుకోవడానికి వేరే చోటు లేక అందరూ రోగి కాళ్ల దగ్గర మంచం మీదే పెట్టేస్తారు. వార్డు చూడముచ్చటగా ఉండాలని పెట్టిన నియమమే నేల మీది మలినాన్ని రోజూ ఉదయం ఒక నిర్ణీత సమయానికి ప్రతి మంచం మీదికీ ఎక్కిస్తోంది. ఆపరేషన్ గాయం అక్కడికి ఎంతో దూరంలో లేదు.

ఆ మంచం దగ్గరే క్యారియర్ అడుగున మెరుపు ఉంది. క్యారియర్‌ను తినేటప్పుడు లాకరు మీద పెట్టారు కాబట్టి లాకరు పైభాగాన గుండ్రటి ముద్ర పడింది. మాత్రల స్ట్రిప్పు ఆ ముద్ర మీదే ఉంది. ఫోను చార్జరు వైరు, నేలకు జారిపోయిన కాలింగ్ బెల్ బటను, మంచి నీళ్ల సీసా మూత, కోడలి కుడి అరచేయి, పెద్దావిడ ఎడమచేతి వేళ్లు కూడా మెరిశాయి. ఆపరేషన్ తర్వాత మంచం దిగి ఒక్క అడుగైనా వేయని మనిషి ఆమె.

యూరిన్ బ్యాగు సంగతి వేరుగా చెప్పాలి. బ్యాగు మూత్రాశయం కంటే కిందుగా ఉండాలి, నేలను తాకకూడదు అన్న రెండు నియమాలూ నర్సులందరికీ తెలుసు. కానీ వృద్ధులు దిగేటప్పుడు పడిపోకుండా మంచాన్ని బాగా కిందికి దించి ఉంచుతారు. మంచాన్ని అలా దించితే కమ్మీకి తగిలించిన బ్యాగు అడుగు నేలకు ఆనుతుంది. బ్యాగు ఖాళీ చేసే కుళాయి సరిగ్గా ఆ అడుగునే ఉంటుంది. కొన్ని బ్యాగుల కుళాయి మూతి మీద లోషన్ మెరిసింది. ఖాళీ చేసేవారి గ్లవ్స్ మీదికి, ఆ గ్లవ్స్‌తోనే పక్క మంచం బ్యాగు ముట్టుకుంటే దాని మీదికి ఎలా వెళ్తుందో విడమరచి చెప్పనవసరం లేదు. ఇన్ఫెక్షన్లు వరుసగా పక్కపక్క మంచాల్లో కనిపించడానికి ఇదొక కారణమై ఉంటుందన్నది నా అభిప్రాయం.

తప్పంతా బంధువులదే అనుకోవడానికి వీల్లేదని చూపినది బీపీ మిషను. లాకర్ల మీద చోటు లేక మా సిబ్బంది దాన్ని నేల మీద పెట్టి బీపీ చూస్తున్నారు. తర్వాత అదే మిషను తర్వాతి మంచం మీదికి ఎక్కుతోంది. లోషన్ పూయని మంచాల మీద కూడా మెరుపు మరకలు దొరకడానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు గానీ, మిషను అడుగున ఉన్న మెరుపును చూశాక ఎవరూ వాదించలేదు.

చెప్పులు బయట విడవడం గురించి

వార్డు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి రావాలన్న బోర్డు మన ఆసుపత్రుల్లో చాలా చోట్ల ఉంటుంది. గుడిలోకి వెళ్లినట్టే వెళ్లాలన్న గౌరవం దాని వెనక ఉంది, అందుకే ఎవరూ ప్రశ్నించరు. కానీ జరిగేది వేరు. వట్టి కాళ్లతో తడి మరుగుదొడ్డికి వెళ్లి, అవే కాళ్లతో నడవ దాటి వచ్చి, రోగి మంచం మీద మఠం వేసుకుని కూర్చుని అన్నం తినిపిస్తారు. చెప్పులతోనే వచ్చి ఉంటే కనీసం చెప్పులు నేల మీదే ఉండిపోయేవి. నడక సాధన మొదలైన రోగులది కూడా ఇదే కథ. ఫిజియోథెరపిస్టు చేయి పట్టుకుని వాకర్‌తో నడవ అంతా తిరిగొచ్చి, పాదాలు తుడుచుకోకుండానే దుప్పటి మీద కాళ్లు చాపుతారు. పగుళ్లున్న మడమల్లో మట్టి, తేమ రెండూ నిలుస్తాయి.

బూట్ల మీద తొడిగే ప్లాస్టిక్ తొడుగులు ఇచ్చే యంత్రం కొందామని ఈ దశలో ప్రతిపాదన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఆ తొడుగులు వార్డు ఇన్ఫెక్షన్లు తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు, పైగా అవి తొడిగేటప్పుడు, తీసేటప్పుడు చేతులు బూటు అడుగుకు తగులుతాయి. గుమ్మం దగ్గర పరిచే జిగురు చాపలు కూడా అంతే, ఆపరేషన్ థియేటర్ల గుమ్మాల దగ్గర కూడా ఇన్ఫెక్షన్ నివారణకు వాటిని వాడవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2003 మార్గదర్శకాల్లోనే ఉంది. మందు పొగ పట్టించడం గురించి అయితే ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. రోగులున్న వార్డులో రోజువారీ పనికి అది పద్ధతి కాదు.

తుడిచే పని

నేల తుడవడంలో కూడా లోపాలున్నాయి. కాకపోతే అవి మందు తక్కువ కావడం వల్ల వచ్చినవి కావు. మూడు బకెట్ల పద్ధతి రిజిస్టరులో ఉంది. వాస్తవంలో ఒక బకెట్ పోయింది, ఒకటి స్నానాల గదిలో నీళ్లు పట్టుకోవడానికి వాడుతున్నారు, మిగిలిన ఒక్క బకెట్ నీళ్లతోనే మరుగుదొడ్ల వైపు నుంచి మొదలుపెట్టి నర్సింగ్ స్టేషన్ దాకా తుడుస్తున్నారు. బకెట్‌లో చేయి పెడితే అడుగు కనిపించదు. నూలు పోగుల మాప్‌ను పని అయ్యాక తడిగానే మరుగుదొడ్డి గోడకు ఆనించి పెడుతున్నారు. ఆ నీళ్లను, మాప్ పోగులను కల్చర్‌కు పంపితే, నేల మీద దొరికిన దానికంటే దట్టంగా క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ పెరిగాయి. పలుచన చేసి నిలవ ఉంచిన క్రిమిసంహారక ద్రావణాల్లోనే ఇలాంటి, గ్రామ్ నెగటివ్ అనే వర్గానికి చెందిన, క్రిములు పెరగడం మైక్రోబయాలజీలో పాత విషయమే. శుభ్రం చేస్తున్నామన్న పేరుతో మరుగుదొడ్డి క్రిములను పొద్దున్నే అన్ని మంచాల కిందికీ పంచుతున్నామని గ్రహించాం.

ఈ పని చేసే ఆయమ్మలను తప్పుపట్టడం సులభం. వారికి మాప్‌లు ఎన్ని ఇచ్చారు, నీళ్ల కుళాయి ఎంత దూరంలో ఉంది, రౌండ్స్‌లోపు ఎంత నేల తుడవాలి అన్నవి కాంట్రాక్టు ఏజెన్సీతో మాట్లాడవలసిన విషయాలు. మేము ఆయమ్మలతో కలిసి ఒక ఉదయం పని మొత్తం నడిచి చూశాక కొత్త పద్ధతి రాశాం. పొడి చీపురుతో ఊడ్వడం పూర్తిగా మానేశాం, ఎందుకంటే లేచిన దుమ్ము మళ్లీ మంచాల మీదే పడుతుంది. చెత్తను తడి మాప్‌తోనే కూడదీయాలి. మూడు బకెట్లలో ఒకటి డిటర్జెంట్ ద్రావణానికి, మిగతా రెండు మాప్ జాడించే నీళ్లకు, ముందు ఒక దాంట్లో, తర్వాత రెండో దాంట్లో. నర్సింగ్ స్టేషన్ వైపు నుంచి మొదలుపెట్టి మరుగుదొడ్ల వైపు ముగించాలి. మరుగుదొడ్లకు వేరే రంగు కర్ర ఉన్న మాప్, అది గుమ్మం దాటి వార్డులోకి రాకూడదు. ద్రావణాన్ని ప్రతి మూడు గదులకు ఒకసారి, ఎట్టి పరిస్థితిలోనూ 60 నిమిషాలు దాటకుండా మార్చాలని సీడీసీ చెబుతుంది. మా వార్డు ఒకటే పెద్ద గది కాబట్టి మంచాల వరుసను భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగానికీ కొత్త ద్రావణం, కొత్త మాప్ గుడ్డ అన్నాం.

నూలు మాప్‌ల స్థానంలో మైక్రోఫైబర్ మాప్ గుడ్డలు కొనిపించాం. డిటర్జెంట్ మాత్రమే వాడినప్పుడు నూలు మాప్ సుమారు 68 శాతం క్రిములను తీసేస్తే మైక్రోఫైబర్ 95 శాతం తీసేసిందని, దానికి క్రిమిసంహారకం జోడించినా ఆ 95 శాతం మరింత పెరగలేదని 2007లో అమెరికాలో రుటాలా బృందం చూపింది. యాజమాన్యానికి నచ్చిన వాదన ఇదే, ఎందుకంటే మందు ఖర్చు తగ్గి మాప్ ఖర్చులోకి సర్దుబాటు అయింది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్ అనే క్రిమిసంహారకం, మైక్రోఫైబర్ పోగులను పాడుచేస్తుంది కాబట్టి రక్తం, మూత్రం ఒలికినప్పుడు ఈ మాప్‌లు వాడకూడదు.

ఒలికిన చోట చేయవలసింది విడిగా నేర్పించాం, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాట్లు ప్రమాదకరం. హైపో 5 శాతం ఉన్న సీసా అయితే ఒక వంతు హైపోకు నాలుగు వంతుల నీళ్లు కలిపితే 1 శాతం ద్రావణం వస్తుంది. రక్తం ఒలికితే ముందు పీల్చుకునే గుడ్డ లేదా కాగితం కప్పి, ఈ ద్రావణం పోసి, కనీసం 10 నిమిషాలు ఉంచి, గ్లవ్స్‌తో తీసి, తర్వాత మామూలుగా తుడవాలి. పోసిన వెంటనే తుడిచేస్తే పోసీ ఉపయోగం లేదు. మూత్రం ఎక్కువగా ఒలికినప్పుడు దాని మీద నేరుగా హైపో పోయకూడదు, ఘాటైన హానికర వాయువులు వస్తాయి. ముందు గుడ్డతో పూర్తిగా అద్ది తీసేయాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో హైపోను కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, కాబట్టి రెండూ ఒకే అలమరలో పక్కపక్కన పెట్టడం కూడా ఆపించాం. ద్రావణం ఏ రోజుకు ఆ రోజు కలపాలి. ఎండకు, వేడికి దాని శక్తి తగ్గిపోతుంది. మే నెలలో తిరుపతిలో కిటికీ పక్కన పెట్టిన సీసాలో ఏ మాత్రం మిగిలి ఉంటుందో లెక్కపెట్టుకోవలసిందే.

నేల మీద ఏమీ ఉండకుండా చేయడం

అసలు ఫలితం ఇచ్చింది మాత్రం తుడిచే పని కాదు, వస్తువులను నేల మీద నుంచి లేపడం. దీనికి ముందు కొన్నాళ్లు మాటలతో ప్రయత్నించారు. మా ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి సంచులు నేల మీద పెట్టవద్దని చెప్పేది. పాకాల వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఇచ్చిన జవాబు మా ప్రణాళికను మార్చింది: "యాడ పెట్టేది సిస్టర్? లాకరు నిండిపోయె. మంచం మింద పెడితే మీరే అరుస్తారు. ఇంక నా నెత్తిన పెట్టుకోవాలనా?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. చోటు చూపకుండా నియమం పెడితే వస్తువు నేల మీద నుంచి మంచం మీదికే వెళ్తుంది, చాపల విషయంలో జరిగింది అదే. అందుకని ప్రతి మంచం తలవైపు గోడకు గట్టి కొక్కేలు బిగించాం. బంధువులు కూర్చునే స్టూలు బదులు, అడుగున కమ్మీల అర ఉన్న ఇనుప బెంచీ చేయించాం. క్యారియర్, సంచి ఆ అరలో, ఫోను గోడకు తగిలించిన చిన్న తొట్టెలో. పెద్ద సామాను ఉన్న యాత్రికులకు వార్డు బయట తాళం వేసుకునే అలమర ఇచ్చాం. చాపలు తుడవడానికి వీలయ్యే ప్లాస్టిక్‌వి ఆసుపత్రే ఇచ్చి, పగలు అవి నిలబెట్టడానికి నడవ చివర ఒక రాక్ పెట్టింది. రౌండ్స్‌కు ముందు సెక్యూరిటీ చెప్పే మాట కూడా మార్పించాం. "చాపలు తీయండి" అనడం కాదు, "చాపలు రాక్‌లో పెట్టండి" అనాలి. మంచం కాళ్లవైపు ఏమీ పెట్టకూడదన్న నియమానికి మాత్రం మినహాయింపు లేదు.

బంధువులకు నచ్చజెప్పడంలో సిస్టర్ కనిపెట్టిన ఉపాయం నాకు తట్టేది కాదు. స్వామివారి ప్రసాదాన్ని ఎవరూ నేల మీద పెట్టరు. మంచం దగ్గర వేరే చోటు లేకపోయినా లడ్డూ కవరు మాత్రం లాకరు మీదే, అదీ శుభ్రంగా తుడిచిన చోట ఉంటుంది. అయితే అది తెచ్చిన సంచి నేల మీద ఉండి, ప్రసాదం తీయడానికి ఆ సంచినే రోగి ఒళ్లో పెడతారు. మెరిసే లోషన్ ఉన్న సంచి అడుగును టార్చితో చూపించి, ఇది ఒళ్లో పెట్టి ప్రసాదం తీస్తున్నారమ్మా అని చెప్తే ఇంకేమీ వివరించవలసిన పని పడలేదు. సూక్ష్మక్రిమి గురించి చెప్పిన ఏ పోస్టరూ ఇంత పని చేయలేదు.

యూరిన్ బ్యాగులకు కమ్మీకి కాకుండా మంచం చట్రానికి ఎత్తుగా తగిలేలా పొట్టి కొక్కేలు చేయించాం. మంచాన్ని ఎంత దించినా బ్యాగు నేలకు ఆనకూడదు, మూత్రాశయం కంటే పైకి పోకూడదు. ఇందుకు మంచం ఎత్తు ఎక్కడ ఆగాలో చట్రం మీద రంగుతో గీత పెట్టించాం. ఒక్కో బ్యాగు ఖాళీ చేశాక గ్లవ్స్ మార్చి, చేతులు శుభ్రం చేసుకున్నాకే తర్వాతి మంచానికి వెళ్లాలి. బీపీ మిషన్లను చక్రాల స్టాండుకు మార్చాం. కాలింగ్ బెల్ వైరు జారిపోకుండా దిండు పక్కన క్లిప్పు పెట్టాం.

పాదాల విషయంలో బోర్డు తీసేయలేదు, దాన్ని తీస్తే జరిగే గొడవ నాకు తెలుసు. లోపల తిరగడానికి కడగదగిన రబ్బరు చెప్పులు ఇచ్చి, మరుగుదొడ్డికి వేరే జత పెట్టాం. రోగులకు వారి సొంత చెప్పులే, జారకుండా వెనక పట్టీ ఉన్నవి. తుంటి ఆపరేషన్ అయిన వారు జారితే వచ్చే నష్టం ఏ ఇన్ఫెక్షన్ కంటే తక్కువ కాదు. నడక ముగిశాక మంచం ఎక్కేముందు తడి గుడ్డతో పాదాలు తుడవడం ఫిజియోథెరపిస్టు బాధ్యతలో చేర్చాం. బంధువులు మంచం మీద కాళ్లు పెట్టి కూర్చోవడం ఆపడం అన్నిటికంటే కష్టమైంది. రాత్రిపూట ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు.

చేతుల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పిన ఐదు సందర్భాల్లో చివరిది, రోగి పరిసరాలను తాకిన తర్వాత. నేల నుంచి ఏదైనా తీస్తే అది కూడా ఈ సందర్భమేనని సిబ్బందికి వేరుగా చెప్పవలసి వచ్చింది. కింద పడిన కలం, పల్స్ ఆక్సీమీటరు, టేపు చుట్ట తీసి జేబులో వేసుకోవడం అందరూ ఆలోచించకుండా చేసే పని. మంచం కాళ్లవైపు హ్యాండ్ రబ్ సీసా తగిలించడం బంధువులకూ ఉపయోగపడింది.

ఏం మారింది

తర్వాతి నెలల్లో మళ్లీ తీసిన నేల స్వాబ్‌లలో సాయంత్రం వేళ క్రిముల స్థాయి మునుపటికంటే పెద్దగా తగ్గలేదు. తగ్గుతుందని నేను ఆశించనూ లేదు. మాప్ నీళ్లలో గ్రామ్ నెగటివ్ క్రిములు దాదాపు కనిపించడం మానేశాయి. లోషన్ పరీక్ష మళ్లీ చేస్తే మెరుపు చెప్పుల అడుగున, బెంచీ కాళ్ల దగ్గర, చక్రాల మీద ఉంది గానీ, దుప్పట్ల మీద, రోగుల చేతుల మీద అరుదుగా కనిపించింది. నేల ముందులాగే మలినంగా ఉంది, కానీ నేల మీదిది నేల మీదే ఉండిపోతోంది.

యూరిన్ ఇన్ఫెక్షన్లు స్పష్టంగా తగ్గాయి. దీన్ని మొత్తంగా నేలకు సంబంధించిన మార్పుల ఖాతాలో వేయడం న్యాయం కాదు, ఎందుకంటే అదే కాలంలో యూరిన్ పైపును అవసరం తీరిన వెంటనే తీసేయాలన్న రోజువారీ తనిఖీని కూడా మొదలుపెట్టాం, పైపు ఎన్ని రోజులు ఉంటే ముప్పు అంత పెరుగుతుందన్నది నిర్వివాదం. గాయాల్లో ఎంఆర్‌ఎస్‌ఏ విషయంలో ఇంకా జాగ్రత్తగా మాట్లాడతాను. ఆ వరుస ఆగింది. ఆపరేషన్ థియేటర్‌లో ముందుగా ఇచ్చే యాంటీబయాటిక్ వేళలను సర్దడం కూడా అందులో పాత్ర వహించి ఉంటుంది.

మిగిలిన సమస్యల్లో ముఖ్యమైనవి రెండు. వీల్‌చైర్లు, స్ట్రెచర్ల చక్రాలు ఎక్స్‌రే గది, క్యాజువాలిటీ, బయటి ర్యాంపు అన్నీ తిరిగి వార్డులోకి వస్తాయి. వాటి చక్రాలు, బంధువు చేయి తగిలే బ్రేకు పిడి కడగడం ఎవరి పనో ఇంకా తేలలేదు. రెండోది నవంబరు వానలు. ఏడాదిలో ఎక్కువ నెలలు మాప్ గుడ్డలను డాబా మీద ఎండలో ఆరబెట్టడమే సరిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు వచ్చాక మాత్రం ఉతికిన గుడ్డలు రోజంతా ఆరవు, ఆరని గుడ్డలను సంచిలో కట్టి ఉంచితే పాత మాప్ కథ మళ్లీ మొదలవుతుంది. ప్రస్తుతానికి వానాకాలం కోసం అదనంగా మరో జత గుడ్డలు కొన్నాం. లాండ్రీకి ఆరబెట్టే యంత్రం కావాలని ఇచ్చిన కొటేషన్ కొనుగోళ్ల కమిటీ దగ్గర ఉంది.